‘ఫ్రాన్స్’ అనే ఓడ అలంగ్ బురదలోకి ఎలా వచ్చింది



ఆగస్టు 16 వచ్చిందంటే యానాంలో మేమంతా జెండా దగ్గర చేరతాం. 1954 నవంబర్ 1నే పాలన భారత ప్రభుత్వం చేతికి వచ్చినా, ఫ్రెంచి పార్లమెంటు ఒప్పుకుని కాగితాలు మార్చుకునేసరికి 1962 ఆగస్టు 16 అయింది. ఆ ఎనిమిదేళ్ళూ మా పెద్దలు ఉన్నది ఇండియాలో, కాగితం మీద మాత్రం ఫ్రాన్సులో. ఈసారి జెండా వందనం అయ్యాక టీ తాగుతూ ఆ రోజుల ముచ్చట్లు చెప్పుకుంటుంటే ఒక పెద్దాయన, "ఆ ఏడాదే కదూ వాళ్ళు ‘ఫ్రాన్స్’ అని పెద్ద ఓడ నడిపారు, అదేమైందో ఏమో" అన్నారు. అదేమైందో చెప్పడానికే ఈ పొడుగు రాత. ఓపిగ్గా చదవండి. ఎందుకంటే ఆ ఓడ ఆఖరికి వచ్చింది మన దేశానికే. 2006లో, అదీ ఆగస్టు 15న, గుజరాత్‌లోని అలంగ్ ఒడ్డున బురదలో కూర్చుంది. బరంపురం, గంజాం వైపు మన సభ్యులకు అలంగ్ పేరు కొత్తగా చెప్పక్కర్లేదు.

ఫ్రాన్సు పడమటి తీరాన సాన్ నజేర్ అని ఓడలు కట్టే ఊరుంది. 1957లో అక్కడ ఈ ఓడకు కీల్ వేశారు. అప్పట్లో యూరప్ నుంచి న్యూయార్క్‌కు చాలామంది ఓడలోనే వెళ్ళేవారు. ‘ఫ్రెంచ్ లైన్’ అని అందరూ పిలిచే కంపెనీకి ‘ఈల్ ద ఫ్రాన్స్’, ‘లిబర్టే’ అనే రెండు పాత ఓడలుండేవి. రెండూ ముసలివయ్యాయి. ఆ రెండింటి పనీ ఒక్కటే చేసేలా, ఐదు రోజుల్లో అట్లాంటిక్ దాటేలా ఒక ఓడ కావాలన్నారు. పేరుకు కంపెనీయే గానీ వెనకాల డబ్బు, పంతం రెండూ ప్రభుత్వానివి. 1960 మే 11న ఓడను నీళ్ళలోకి దింపింది ప్రెసిడెంటు దగోల్ భార్య ఇవాన్ దగోల్. పక్కనే దగోల్ కూడా ఉన్నాడు. అల్జీరియాలో యుద్ధం, ఇండోచైనా పోయింది, మా పుదుచ్చేరి యానాంలు పోయాయి. సామ్రాజ్యం కరిగిపోతున్నప్పుడు దేశం పేరే ఓడకు పెట్టుకున్నారు. ఇది మా ఊహే అనుకోండి, కానీ ఆ వరస చూస్తే అలాగే అనిపిస్తుంది.

పొడవు 316 మీటర్లు. అంతకంటే పొడవైన ప్రయాణికుల ఓడ మళ్ళీ రావడానికి నలభై ఏళ్ళు పట్టింది. 2004లో ‘క్వీన్ మేరీ 2’ దాన్ని దాటింది, అదీ సాన్ నజేర్‌లో కట్టిందే. ఎనిమిది బాయిలర్లు, నాలుగు ప్రొపెల్లర్లు, గంటకు 30 నాట్లకు పైగా వేగం. పొగ డెక్ మీద పడకుండా పక్కలకు చిమ్మేలా పొగగొట్టాలకు రెండువైపులా రెక్కలు. రెండు వేలమంది ప్రయాణికులు, పదకొండు వందలమంది సిబ్బంది. ఇద్దరు ప్రయాణికులకు ఒకరికి పైనే పనివాళ్ళన్నమాట. 1962 ఫిబ్రవరి 3న లె హావ్ర్ రేవు నుంచి న్యూయార్క్‌కు తొలి ప్రయాణం. ఆ డిసెంబర్‌లో లూవ్ర్ మ్యూజియం వాళ్ళు మోనాలిసా బొమ్మను అమెరికాకు ఎరువిచ్చినప్పుడు ఈ ఓడలోనే, ప్రత్యేకంగా చేయించిన పెట్టెలో పెట్టి, కాపలావాళ్ళను తోడిచ్చి పంపారు.

అంతా బాగానే ఉంది గానీ కీల్ వేసిన మరుసటి ఏడాదే, 1958 అక్టోబర్‌లో, పాన్ ఆమ్ వాళ్ళ బోయింగ్ 707 న్యూయార్క్ నుంచి పారిస్‌కు ఎగరడం మొదలుపెట్టింది. ఐదు రోజుల ప్రయాణం ఒక్క రాత్రి పని అయిపోయింది. అంటే ఈ ఓడ పుట్టకముందే దాని వ్యాపారం పోయింది. అయినా పన్నెండేళ్ళు నడిచిందంటే ప్రభుత్వం ఏటా లోటు పూడ్చడం వల్లే. చలికాలంలో అట్లాంటిక్ ఖాళీగా ఉంటుంది కాబట్టి విహారయాత్రలకు తిప్పి చూశారు. 1972లో, 1974లో భూమి చుట్టూ తిప్పారు. పనామా కాలువలో పట్టదు, సూయెజ్ అప్పటికి యుద్ధంతో మూసి ఉంది. దాంతో అమెరికా ఖండం కొస, ఆఫ్రికా ఖండం కొస రెండూ చుట్టి రావాల్సి వచ్చింది. అయితే చలి సముద్రం కోసం కట్టిన ఓడ అది. ఈత కొలనులు లోపల, ఒకటి గాజు గోపురం కింద. ఆ గోపురం తెరుచుకోదు. ఎండ కోసం డబ్బిచ్చి వచ్చినవాడు అద్దం కింద ఈదాలి!

1973లో చమురు ధర ఒక్కసారిగా పెరిగింది. నాలుగు ప్రొపెల్లర్లు తిరగాలంటే ఎంత నూనె మండాలో చెప్పనక్కర్లేదు. 1974లో జిస్కార్ దెస్తాంగ్ ప్రభుత్వం ఇక డబ్బివ్వనంది. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న అని మనవాళ్ళు ఎప్పుడో అన్నారు.

ఇక్కడ కాసేపు ఆగాలి. 1974 సెప్టెంబర్ 11 రాత్రి ఓడ న్యూయార్క్ నుంచి తిరిగి వచ్చి లె హావ్ర్ రేవు ముఖద్వారం దగ్గరికి చేరింది. అప్పుడు సిబ్బంది కెప్టెన్ దగ్గరికి వెళ్ళి ఓడను తమ చేతుల్లోకి తీసుకుంటున్నామన్నారు. ఓడను లోపలికి పోనివ్వకుండా, పెద్ద ఓడలు వచ్చిపోయే దారికి అడ్డంగా లంగరు వేయించారు. పన్నెండు వందలమందికి పైగా ప్రయాణికుల్ని వేరే ఓడలోకి ఎక్కించి ఒడ్డుకు పంపారు. వాళ్ళడిగింది ఓడను నడపమని, జీతాలు పెంచమని. నెల దాకా అలా సాగింది. రేవు ఆగితే ఊరికీ నష్టమే, సిబ్బంది ఇళ్ళలోనూ రూపాయి లేదు. మెల్లగా ఒక్కొక్కరే దిగిపోయారు. అక్టోబర్‌లో ఓడ ఒడ్డుకు చేరింది. రేవులో ఎవరూ వెళ్ళని ఓ మూల కట్టేశారు. ఆ మూలకు జనం ‘మరచిపోయిన రేవు’ అని పేరు పెట్టుకున్నారు. మిషెల్ సార్దూ అనే గాయకుడు 1975లో ఆ ఓడ మీద పాట కడితే దేశమంతా పాడుకున్నారు. పాటకు జనం ఏడ్చారు గానీ టిక్కెట్టు కొన్నవాళ్ళు లేరు.

1977లో అక్రమ్ ఓజ్జే అనే సౌదీ వ్యాపారి కొన్నాడు. అమెరికా తీరంలో కట్టేసి మ్యూజియం, జూదశాల నడపాలని ఆయన ఆలోచన. ఏదీ జరగలేదు. ఓడ కదల్లేదు.

కదిలించింది 1979లో నార్వే దేశపు క్నుట్ క్లోస్టర్. మయామీ నుంచి కరీబియన్ దీవులకు విహార ఓడలు నడిపే నార్వేజియన్ కరీబియన్ లైన్ ఆయనది. ఒక కోటీ ఎనభై లక్షల డాలర్లకు కొని, అంతకు నాలుగైదు రెట్లు మార్పుల మీద పెట్టాడు. జర్మనీలోని బ్రెమర్‌హావెన్‌లో పని జరిగింది. ఆయన లెక్క మాకు భలే నచ్చింది. విహారయాత్రకు వచ్చినవాడికి తొందరేముంది? ఓడ వేగం సగానికి తగ్గితే ఇంజిన్ మీద పడే పని సగం కాదు, సుమారు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కాబట్టి ముందువైపు ఇంజిన్ గదిని మూసేశారు. నాలుగు ప్రొపెల్లర్లలో రెండు పీకేశారు. ఎనిమిది బాయిలర్లలో నాలుగే మిగిల్చారు. దాచి ఉంచిన డెక్‌లను ఎండకు తెరిచారు, బయట కొలను కట్టారు. రెండు తరగతులుగా విడిపోయి ఉన్న ఓడను ఒక్కటి చేశారు. దీవుల్లోని చిన్న రేవులకు ఇంత లోతు ఓడ వెళ్ళలేదు కాబట్టి జనాన్ని ఒడ్డుకు చేర్చే రెండు పెద్ద పడవలను ముందు డెక్ మీదే ఎక్కించుకున్నారు. పొట్టు నీలం రంగు, పేరు ‘నార్వే’. 1980 మేలో ఓస్లో నుంచి బయల్దేరింది.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళూ బంగారు రోజులే. ఓడ ఎక్కడికో చేర్చేది కాదు, ఓడే చేరాల్సిన చోటు అన్న ఆలోచన పెద్ద ఎత్తున పనిచేసింది ఇక్కడే. బ్రాడ్‌వే నాటకాలు, జాజ్ కచేరీలు, జూదం, దుకాణాలు. టిక్కెట్టు డబ్బు ఒక ఎత్తు, లోపల ఖర్చు పెట్టించేది ఇంకో ఎత్తు. దీన్ని చూసి మిగతా కంపెనీలు కొత్తగా పెద్ద ఓడలు కట్టించాయి. 1988లో వచ్చిన ‘సావరిన్ ఆఫ్ ద సీస్’ వాటిలో మొదటిది. పోటీ తట్టుకోవడానికి 1990లో ‘నార్వే’ నెత్తిన ఇంకో రెండు అంతస్తులు కట్టారు. ఓడ అందం పోయిందని ఎరిగినవాళ్ళు బాధపడ్డారు. గదుల అద్దె మాత్రం వచ్చింది.

పక్కదారి మాట ఒకటి. మన సభ్యులు కొందరు ఈమధ్య చెన్నై నుంచి, విశాఖ నుంచి కోర్డీలియా వాళ్ళ ‘ఎంప్రెస్’ ఎక్కి ఫొటోలు పెట్టారు కదా. అదీ సాన్ నజేర్ యార్డులో పుట్టిందే. 1990లో ‘నార్డిక్ ఎంప్రెస్’గా మొదలై, పేరు మార్చుకుంటూ, స్పెయిన్ కంపెనీకి వెళ్ళి, మళ్ళీ పాత ఇంటికి వచ్చి, 2020 తర్వాత మన దగ్గరికి చేరింది. విహార ఓడల బతుకంతా ఇంతే. కొత్తగా ఉన్నప్పుడు ధనిక దేశాల్లో, వయసు మళ్ళాక మన వైపు. పాత బస్సు పట్నం రూటు నుంచి పల్లె రూటుకు వచ్చినట్టు. అందులో తప్పేం లేదు, బాగా చూసుకుంటే.

ఆ చూసుకోవడం దగ్గరే ‘నార్వే’ కథ తిరగబడింది. 2000లో నార్వేజియన్ కంపెనీ మొత్తాన్ని మలేసియాకు చెందిన స్టార్ క్రూజెస్ కొంది. పైన డెక్‌లు కొత్తవి, గదులు కొత్తవి, తివాచీలు కొత్తవి. కింద బాయిలర్లు మాత్రం దగోల్ కాలం నాటివే. మా గోదావరి జిల్లాల్లో ఉప్పుడు బియ్యం మిల్లు బాయిలర్ దగ్గర పనిచేసినవాళ్ళనడగండి, చెబుతారు. నిలకడగా మండే బాయిలర్ చాలాకాలం వస్తుంది. మాటిమాటికీ వేడెక్కించి చల్లార్చేదాంట్లో ఇనుము సాగుతూ ముడుచుకుంటూ ఎక్కడో సన్నని పగులు పడుతుంది. అట్లాంటిక్ మీద రోజుల తరబడి ఒకే మంట మీద నడిచేందుకు చేసిన బాయిలర్లను, రేవు రేవునా ఆగే విహారయాత్రలకు వాడుతూ వచ్చారు.

2003 మే 25 ఉదయం ఓడ మయామీ రేవులో కట్టి ఉంది. రెండు వేలమందికి పైగా ప్రయాణికులు లోపలే ఉన్నారు. 23వ నంబరు బాయిలర్ పేలింది. మరిగే నీరు, ఆవిరి పక్క గదుల్లోకి, పైకి కొట్టాయి. ఎనిమిదిమంది సిబ్బంది చనిపోయారు, మరికొందరు కాలిపోయారు. ప్రయాణికుల్లో ఒక్కరికీ ఏమీ కాలేదు. అమెరికా రవాణా భద్రతా సంస్థ విచారించి, బాయిలర్ నడపడంలో, మరమ్మతులో, తనిఖీలో లోపాల వల్లే పగుళ్ళు ముదిరాయని తేల్చింది. 2008లో కంపెనీ కోర్టులో తప్పు ఒప్పుకుంది. పది లక్షల డాలర్ల జరిమానా పడింది, బాధితులకు పరిహారం వేరే. అదే కంపెనీ కొత్త ఓడలు అప్పటికే తిరుగుతున్నాయి.

ఇక ఈ ఓడ ఎవరికీ అక్కర్లేదు. లాగి బ్రెమర్‌హావెన్‌కు తెచ్చారు. మళ్ళీ నడవదని 2004లో ప్రకటించారు. 2005లో అక్కడినుంచి లాక్కుంటూ మలేసియాలోని పోర్ట్ క్లాంగ్‌కు తీసుకుపోయారు. ఇక్కడ ఒక చట్టం సంగతి తెలియాలి. ధనిక దేశాలు విషపు చెత్తను పేద దేశాల మీద పారేయకూడదని బాసెల్ ఒప్పందం ఉంది. తుక్కు కోసం పంపుతున్నామంటే జర్మనీ నుంచి కదలనివ్వరు. వాడకానికి పంపుతున్నామంటే అది ఓడే, చెత్త కాదు. ఓడ ఆసియా చేరిన కొన్ని నెలలకే తుక్కు కింద అమ్ముడైంది. పేరు ‘బ్లూ లేడీ’గా మారింది. బంగ్లాదేశ్ ఆస్బెస్టాస్ భయంతో మాకొద్దంది. అప్పుడు ముక్కు అలంగ్ వైపు తిరిగింది.

సరిగ్గా అదే సమయంలో ఇంకో ఫ్రెంచి ఓడ అలంగ్ దారిలో ఉంది. ‘క్లెమాన్సో’ అనే విమానవాహక యుద్ధనౌక. దాంట్లోనూ ఆస్బెస్టాసే. గొడవ పెద్దదై, 2006 ఫిబ్రవరి 15న ప్రెసిడెంటు షిరాక్ దాన్ని వెనక్కి రప్పించాడు. ఆఖరికి ఇంగ్లండులో విడదీశారు. ‘క్లెమాన్సో’ను ఎందుకు వెనక్కి పిలిచారంటే అది ఇంకా ఫ్రెంచి ప్రభుత్వ ఆస్తి. ‘ఫ్రాన్స్’ అన్న పేరుతో పుట్టినదాన్ని మాత్రం వెనక్కి పిలిచేవాడు లేడు. ఫ్రాన్సు అమ్మేసింది, సౌదీ ఆయన అమ్మేశాడు, నార్వే వాళ్ళు అమ్మేశారు, మలేసియా వాళ్ళు అమ్మేశారు. ప్రతి చేతికీ ఒక సంతకం, ప్రతి సంతకంతో ఒక బాధ్యత తీరిపోయింది. లోపలి ఆస్బెస్టాస్ ఒక్కటే ఏ చేతిలోనూ ఆగకుండా వచ్చింది.

అలంగ్ ఖంభాత్ అఖాతం ఒడ్డున ఉంది. అక్కడ ఆటుపోట్ల తేడా పది మీటర్ల దాకా ఉంటుంది. పౌర్ణమికో అమావాస్యకో పోటు మీద ఓడను ఒడ్డుకు తోలితే, నీరు తీసేసరికి బురదలో కూర్చుంటుంది. డ్రైడాక్ అక్కర్లేదు, క్రేన్లు అంతగా అక్కర్లేదు. గ్యాస్ కట్టర్లు, వించీలు, మనుషులు చాలు. 1983 నుంచి అలా సాగుతోంది. మనుషులు ఎక్కడినుంచంటే ఉత్తరప్రదేశ్, బీహార్, జార్ఖండ్, మన ఒడిశా. ‘బ్లూ లేడీ’ మీద సుప్రీంకోర్టులో వ్యాజ్యం నడుస్తోంది. వర్షాకాలం ముందుంది, సముద్రంలో ఆపలేమన్నారు. కోర్టు లంగరు వేసుకోనిచ్చింది. తర్వాత ఒడ్డెక్కింది. ఒడ్డెక్కిన ఓడ మళ్ళీ దిగదు. కాబట్టి తీర్పు రాకముందే సగం తేలిపోయింది.

ముందు శుభ్రం చేశాకే ఓడలు రావాలని 2003లో చెప్పింది అదే సుప్రీంకోర్టు. 2007 సెప్టెంబర్ 11న, సిబ్బంది లె హావ్ర్‌లో ఓడను పట్టుకున్న రాత్రికి సరిగ్గా 33 ఏళ్ళకు, ‘బ్లూ లేడీ’ని విడదీయవచ్చని ఆ కోర్టే తీర్పు ఇచ్చింది. నిపుణుల కమిటీ చూసి సరేనంది. పన్నెండు వందల టన్నుల పైచిలుకు ఆస్బెస్టాస్ ఉందన్న సంగతి కోర్టు ముందుంది. చుట్టుపక్కల ఊళ్ళ తరఫున ఒక సర్పంచ్ అభ్యంతరం కూడా ఉంది. ఇంకోవైపు 41,000 టన్నుల ఉక్కు, 700 మందికి పని. కోర్టు రెండూ తూచి ఇటు మొగ్గింది.

ఆ తూకం తప్పని అనడం కడుపు నిండినవాళ్ళకు తేలిక. 700 మందికి పని అంటే 700 ఇళ్ళకు మనియార్డర్. అది మాకు తెలుసు, బరంపురం మిత్రులకు ఇంకా బాగా తెలుసు. మా అభ్యంతరం వేరే. ఉక్కు, జీతం అదే ఏడాది కళ్ళకు కనబడతాయి. ఆస్బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరాక జబ్బు బయటపడడానికి ఇరవై, ముప్పై, ఒక్కోసారి నలభై ఏళ్ళు పడుతుంది. 2008లో అక్కడ గోడ పలకలు విప్పిన పాతికేళ్ళ కుర్రాడికి అది రావాలంటే ఇప్పుడిప్పుడే రావాలి, లేదా ఇంకా రావాలి. అప్పటికి యార్డు ఎక్కడో, కాంట్రాక్టరు ఎక్కడో, హాజరు పుస్తకం ఎక్కడో.

సాన్ నజేర్‌లో ఈ ఆస్బెస్టాస్‌ను ఓడలకు ఎక్కించిన పనివాళ్ళకూ ఇదే జరిగింది. ఆ ప్రాంతంలో ఎందరికో ఆ జబ్బులొచ్చాయి. ఫ్రాన్సు 1997 నుంచి ఆస్బెస్టాస్‌ను నిషేధించింది. 2000లో చట్టం చేసి బాధితులకు పరిహార నిధి పెట్టింది. ఒకే ఓడ, ఒకే పలక. ఎక్కించినవాడికి నిధి ఉంది. దింపినవాడు టిక్కెట్టు కొనుక్కుని ఊరెళ్ళిపోయాడు.

2008లో ఓడ ముక్కలైంది. ఓడలు బళ్ళు కావడమంటే సామెతే అనుకున్నాం, ఇక్కడ నిజంగానే పలకలు రోలింగ్ మిల్లులకు పోయి ఇంటి చువ్వలయ్యాయి. ముందు కొస, అంటే ముక్కు ఒక్కటి జాగ్రత్తగా కోసి ఫ్రాన్సుకు పంపారు. 2009లో పారిస్ వేలంలో అది రెండున్నర లక్షల యూరోలకు పైనే పలికింది. ఇప్పుడది లె హావ్ర్‌లో రేవు దగ్గర నిలబెట్టి ఉంది, జనం ఫొటోలు దిగుతారు.

టీ దగ్గర అడిగిన పెద్దాయనకు ఇదే జవాబు. బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి శాఖల మిత్రులను అడిగేదొకటుంది. మీ ఊళ్ళలో, మీ వీధుల్లో 2006 నుంచి 2009 దాకా అలంగ్‌లో పనిచేసి తిరిగొచ్చినవాళ్ళు ఉంటే, తెలుగువాళ్ళు గానీ ఒడియావాళ్ళు గానీ, ఏ యార్డులో ఎన్ని నెలలు చేశారో, ఏ పని చేశారో వాళ్ళ నోటితోనే చెప్పించి రాసి పెట్టండి. పాత గేటు పాసు, కూలి చీటీ, ఏ ముక్క దొరికినా ఫొటో తీసి ఉంచండి. ఆయాసం, విడవని దగ్గు ఉన్నవాళ్ళు డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఆస్బెస్టాస్ ఉన్న చోట పనిచేశామని తప్పకుండా చెప్పమనండి. చెప్పకపోతే డాక్టర్ క్షయ అనుకుని మందులిచ్చే ప్రమాదముంది. పేర్లు గుంపులో పెట్టొద్దు, శాఖ కార్యదర్శుల దగ్గర ఉంచితే చాలు. వచ్చే సమావేశంలో కూర్చుని చూద్దాం.